నేను తడిపిన గోడ

మా గోడ పగిలింది నీళ్లు చాలక కాదు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఆళ్లగడ్డలో మా వీధిలో సగం మంది ఇంకో మాట నమ్ముతున్నారు. నేను ఐదో తరగతి దాటి చదువుకోలేదు. కానీ ఏ రోజు ఎవరు ఏమన్నారో, ఆ పూట పొయ్యి మీద ఏముందో కూడా నాకు గుర్తుంటుంది.

మాది పాత ఇల్లు. నాపరాళ్లు పేర్చి, మధ్యలో మట్టి పెట్టి కట్టిన గోడలు. పైన పూసిన మట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడి రాళ్ల సందులు బయటపడ్డాయి. ఆ సందుల్లో తేళ్లు కాపురం పెట్టాయి. ఒకరోజు పొద్దున చాప చుడుతుంటే వేలెడంత తేలు జారి నా పాదం పక్కన పడింది. దాన్ని చీపురు కట్టతో చంపి, ఆ చీపురు చేతిలో ఉండగానే మా ఆయనకు చెప్పాను. "ఈ ఎండాకాలం పోయేలోగా గోడలకు సిమెంటు పూపించాల్సిందే."

నంద్యాలలో మా అక్క ఇంటికి పని చేసిన మేస్త్రీని పిలవమన్నాను. ఆ పని జరిగినన్ని రోజులూ నేను అక్కడే ఉన్నాను. సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దను మాలు అంటారు. ఆయన ఒక గంటలో అయిపోయేంత మాలే కలిపించేవాడు. అన్నానికి లేచేలోగా తట్ట ఖాళీ కావాలి. మిగిలింది పారబోసేవాడు. "ఒకసారి బిగుసుకుంటే చచ్చినట్టేనక్కా, మళ్లీ ఎన్ని నీళ్లు పోసినా లేయదు" అని నాతో అన్నాడు.

మా ఆయన ఒప్పుకోలేదు. "నంద్యాలోడు ఎందుకు? మన ఊర్లో మేస్త్రీలే లేరా? నాతో బడికొచ్చినోడు ఉండాడు, వాని చెయ్యి పడితే గోడ అద్దమే" అన్నాడు. అట్లా వచ్చాడు ఈ మేస్త్రీ, వెంట మాలు కలపడానికి ఒక కూలామెతో. మా ఆయన సిమెంటు మాత్రం నంద్యాల పోయి తెచ్చాడు. గడ్డ కట్టిందేమోనని ఒక్కో బస్తా తట్టి చూసి, ఆటోలో ఆ బస్తాల మీదే కూర్చుని వచ్చాడట. ఆ కథ వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ వారం రోజులు చెప్పాడు.

మంగళవారం వంటింటి గోడ పూశారు. బాగుంది, తప్పు పట్టను. బుధవారం నడిమింటి గోడ. మధ్యాహ్నం అన్నానికి ముందు కూలామె చేత పెద్ద కుప్ప మాలు కలిపించాడు. అప్పుడే అతనికి ఫోను వచ్చింది. రుద్రవరం దోవలో ఇంకో ఇల్లు ఒప్పుకున్నాడట. "ఇప్పుడే వస్తా" అని బండెక్కి పోయాడు. నేను చింతచిగురు పప్పు వండి పెట్టాను. కూలామె తిన్నది. మా ఆయన తిన్నాడు, ఒక కునుకు తీశాడు. మేస్త్రీ మూడున్నర దాటాక వచ్చాడు.

"గట్టిపడిపోయింది మేస్త్రీ" అన్నది కూలామె, పార కుప్పలో దిగక.

"రెండు చెంబులు నీళ్లు పోసి తిప్పు. పాయసం మాదిరి అయితాది."

నేను గడపలో నిలబడి ఉన్నాను. ఊరుకోలేకపోయాను. "ఏందీ మేస్త్రీ, అది అన్నానికి ముందు కలిపింది గదా? అది పారబోయాల."

అతను తాపీ పట్టుకునే నవ్వాడు. "వదినా, నువ్వు పప్పు చూసుకో. ఉప్పు ఎక్కువైతే నేను చెప్తా."

మంచం మీద కూర్చున్న మా ఆయన కూడా నవ్వాడు. "దానికి నంద్యాల చూసొచ్చినప్పటి నుంచి అన్నీ తెలుసులేప్పా" అన్నాడు. నేను లోపలికి పోయాను. ఆ పోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

పూత అయ్యాక పది రోజులు గోడ తడపాలి. మా వీధిలో కొళాయి దినం మార్చి దినం వస్తుంది. రాని రోజు సంపులోంచి తోడి, బిందె చంకన పెట్టుకుని తెచ్చి, చెంబుతో గోడ పైనుంచి కిందికి పోశాను. పొద్దున, మధ్యాహ్నం, పొద్దు గూకే ముందు. వంటింటికి అంతే, నడిమింటికి అంతే. గోడ కింద నిలిచిన నీళ్లు గోనెపట్టాతో ఎత్తి మళ్లీ గోడకే పిండాను. నా కుడి భుజం పట్టేసి జడ వేసుకోలేకపోయాను.

పదమూడో రోజు నడిమింటి గోడ మీద వెంట్రుకంత గీత కనబడింది. రెండు రోజుల్లో అది చెట్టు కొమ్మలాగా పాకింది. వేలితో తడితే ఖాళీ డబ్బా చప్పుడు. వంటింటి గోడ మాత్రం గుండులా ఉంది.

మేస్త్రీ వచ్చాడు. గోడను అరచేత్తో నిమిరాడు, డాక్టరు రోగిని చూసినట్టు తల ఊపాడు. "నీళ్లు పడలేదన్నా" అన్నాడు మా ఆయనతో. "నేను చెప్పే పోయినా. ఆడోళ్లకు టీవీలో సీరియల్ వస్తాంటే గోడ యాడ గుర్తొస్తాది?"

"చెప్పినా గదనే సరిగ్గా తడుపమని" అన్నాడు మా ఆయన, నా దిక్కు చూసి.

నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. "వంటింటి గోడకు ఎవరు పోసినారు? ఇదే చెంబు, ఇవే చేతులు. అది ఎందుకు పగల్లేదు?"

"వంటింట్లో తేమ ఉంటాది వదినా."

"తేమా? పొయ్యి కాడ తేమా? బుధవారం మధ్యాహ్నం మాలు కలిపేసి యాడికి పోయినావు? ఎన్నింటికి వచ్చినావు?"

"చూడన్నా" అన్నాడు మేస్త్రీ. మొగం మా ఆయన దిక్కు తిప్పాడు.

కూలామె అతని వెనకే నిలబడి ఉంది. చచ్చిన మాలుకు నీళ్లు పోసి తిప్పింది ఆమె చేతులే. ఆమెను అడగండి అందామని నోరు తెరిచాను. ఆమె నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. నేను అడిగితే ఆమె నిజమే చెబుతుంది, మర్నాటి నుంచి ఆమెకు ఆ మేస్త్రీ దగ్గర పని ఉండదు. నోరు మూసుకున్నాను. ఆ కోపం కూడా మేస్త్రీ లెక్కలోనే వేసుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండు. నాలుగు రోజుల తర్వాత కొళాయి దగ్గర ఎదురింటామె, "ఏమక్కా, గోడ తడపలేదంట గదా? మేస్త్రీ టీ అంగడికాడ చెప్తాండాడంట" అన్నది. నా చేతిలో నిండు బిందె ఉంది. ఏ బిందెతో పది రోజులు మోశానో అదే బిందె. గోడ పగిలితే మళ్లీ పూయొచ్చు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఈ చేతులు పని ఎగ్గొట్టాయన్న మాట ఎవరూ అనలేదు. ఇప్పుడు టీ అంగడిలో అంటున్నారు, అది విని మా ఆయన టీ తాగి వస్తున్నాడు.

ఇంటికొచ్చి బిందె దించి, దొడ్లోంచి గడ్డపార తెచ్చాను. గీత ఉన్న చోట మొన పెట్టి తోశాను. కొట్టాల్సిన పని కూడా లేకపోయింది. పలకలు పలకలుగా, అప్పడం లేచినట్టు లేచి వచ్చింది.

"ఏందీ పిచ్చి పని!" అని మా ఆయన పరిగెత్తి వచ్చాడు.

ఒక పెచ్చు తీసి ఆయన చేతిలో పెట్టాను. "నలుపు." నలిపాడు. రాగి పిండిలాగా రాలింది. "నీ స్నేహితున్ని పిలువు. ఈ గోడ ముందరే మాట్లాడాల. లేకుంటే మొత్తం పీకుతా."

మేస్త్రీ వచ్చాడు. కింద పడిన కుప్పను చూశాడు, పెచ్చు చేతిలోకి తీసుకున్నాడు. ఇక నీళ్ల మాట పనికిరాదని అతనికీ తెలిసిపోయింది. కొంచెం సేపు గొణిగి, "సిమెంటన్నా" అన్నాడు. "సిమెంటు పాతది. నిన్ను ఎవరో మోసం చేసినారు."

మా ఆయన ఎగిరి లేచాడు. "ఏందిరా? నా సిమెంటా? నంద్యాల పోయి బస్తా బస్తా తట్టి తెచ్చినా! అదే సిమెంటు వంటింట్లో ఉండాది గదరా! నువ్వు ఆ దినం అన్నానికి ముందర మాలు కలిపి, రుద్రవరం దోవ పట్టి, మూడున్నరకు గదా వస్తివి? గట్టిపడిందని కూలామె చెప్తాంటే నీళ్లు పోసి తిప్పమంటివి. నేను కునుకు తీస్తాంటిని గాని చచ్చిపోలేదు!"

నేను గడ్డపార గోడకు ఆనించాను. ఈయనకు అన్నీ గుర్తున్నాయి. గంటతో సహా గుర్తుంది. నన్ను అన్నప్పుడు ఆ గుర్తంతా లోపల దాచుకుని తల ఊపాడు. సిమెంటు బస్తాను అంటే మాత్రం పౌరుషం వచ్చింది. మేస్త్రీ మీద ఉన్న కోపంలో సగం ఆ క్షణంలోనే ఆయన మీదికి మళ్లింది.

ఆ మేస్త్రీనే గోడ మళ్లీ పూశాడు. ఈసారి మా ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని, తట్టెడు తట్టెడే కలిపించాడు. నేను చెంబు ముట్టలేదు. రబ్బరు పైపు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. పది రోజులు ఆయనే పట్టాడు. గోడ నిలబడింది.

మొన్న కొలిమిగుండ్ల నుంచి ఆయన పిన్నమ్మ కొడుకు వచ్చాడు. మా ఆయన ఆ గోడ మీద చరిచి, "అంతా తడుపులోనే ఉందిరా. ఈసారి నేనే పట్టినా, చూడు ఎట్లుందో" అన్నాడు.

టీకి నీళ్లు పెట్టినదాన్ని, పొయ్యి ఆర్పి వచ్చాను. "మొదటిసారి కూడా తడిపినారు" అన్నాను.

"ఎవరు వదినా?" అని అడిగాడు ఆ అబ్బాయి.

"మీ అన్ననే అడుగు."

మా ఆయన గోడను చూశాడు, పైకప్పును చూశాడు. నేను కదల్లేదు.

"ఆమే తడిపింది" అన్నాడు చివరికి. "బాగానే తడిపింది. మేస్త్రీ తప్పు."

"వినపడలేదు" అన్నాను. వీధి తలుపు పూర్తిగా తెరిచి వచ్చి, "ఎదురింటికి వినపడేట్టు ఇంకోసారి చెప్పు. అప్పుడు పెడతా టీ" అన్నాను.