సుక్కవ్వ చేతి వేగం

కోదాడలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న కళ్యాణి నలుగురి పనిని ఒక్కతే చేయగలదు. నాయకత్వమంటే అదేనని ఆమె నమ్మకం. నేరేడుచర్లలో వరినాట్లు వేసే పన్నెండుమంది కూలీలకు పెద్దగా ఉండే దేవమ్మ ఆమె తల్లి. తల్లి వడినడకా, కంచుకంఠమూ కూతురికి పుట్టుకతోనే సంక్రమించాయి. మూడవ సంపద ఒకటి మాత్రం ఆలస్యంగా అందింది. అది అందిన తీరు తలచినప్పుడల్లా చేతులు వాటంతటవే జోడింపబడతాయి.

వడ్లలోని తేమను క్షణంలో చెప్పే చిన్న యంత్రం ఆమె బృందం చేపట్టిన ప్రాజెక్టు. జితేందర్ యంత్రాన్ని అమర్చాడు, దీప దానికి ప్రోగ్రాం రాసింది. నమూనా గింజలు సేకరించడం నితిన్ వంతు. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే లక్ష్మీనర్సయ్య తన ఆవరణలో పరీక్షించుకోనిచ్చారు. అక్కడ నెగ్గితేనే యంత్రాన్ని సూర్యాపేట ప్రదర్శనకు పంపుతామని కళాశాలవారు చెప్పారు.

మార్గశిర మాసపు ఉదయం. పొలం నుంచి నేరుగా వచ్చిన పచ్చి వడ్ల ట్రాక్టర్లు ముందురోజు నుంచీ మిల్లు ముందు బారులు తీరి ఉన్నాయి. నితిన్ ఒక్కొక్క ట్రాలీ ఎక్కి, వడ్లలో భుజం దాకా చేయి దించి గింజలు తీస్తున్నాడు. గంట గడిచినా మూడు ట్రాలీలు పూర్తి కాలేదు.

"అరే నితిన్, వడ్లు తీస్తున్నవా, ముత్యాలు ఏరుతున్నవా?" అన్నాడు జితేందర్.

కళ్యాణికి ఓపిక నశించింది. "నువ్వు దిగు, నేను తీస్త" అంటూ సంచి లాక్కుంది. నితిన్ ఏదో అనబోయి ఆగిపోయాడు. పది నిమిషాల్లో పది ట్రాలీల పైనుంచి పిడికెడేసి గింజలు వచ్చాయి.

మొదటి ట్రాలీ గింజలకు యంత్రం పదహారు శాతం తేమ చూపింది. లక్ష్మీనర్సయ్య అదే ట్రాలీ అడుగునుంచి ఒక గింజ తీసి పంటికింద కొరికారు.

"బిడ్డా, మీ మిషన్ పదహారంటది, నా పన్ను ఇరవై రెండంటది. దేన్ని నమ్మమంటవ్? ఇంకొక్కపారి సూస్త. గప్పుడు గూడ గిట్లనే అయితె ఇగ గేటుకాడికి రావద్దు."

తిరుగు బస్సులో జితేందర్ ఆగలేదు. "వాడు లేటు చేసుడుతోనే తొందరైంది. వాని పేరు తీసెయ్, కళ్యాణీ."

"నువ్వు లెటర్ రాస్తే చాలు, సార్ ఒప్పుకుంటారు" అంది కోదాడ అమ్మాయి దీప.

ముందు సీట్లో కూర్చున్న నితిన్ వినపడనట్టు కిటికీలోంచి చూస్తున్నాడు. సోమవారం లెటర్ ఇస్తానంది కళ్యాణి.

శనివారం ఇంటికి వెళ్లింది. యాసంగి పంటకు, అంటే రబీకి, నాట్లు మొదలయ్యాయి. తానూ బురదలో దిగి వరుసలో నిలిచింది. వరుస నడుమ సుక్కవ్వ. అందరికంటె పెద్దది, అందరికంటె నిదానం. దేవమ్మ ఎత్తుకున్న పాట కూడా అంతే నిదానంగా సాగింది. కళ్యాణి చకచకా నాటుతూ అందరికంటె ముందే వెనక్కి జరిగిపోయింది.

"దేవమ్మా, నీ ఇంజనీరు బిడ్డ కోదాడ బస్సుకు ఉరుకుతున్నట్టుంది!" అని ఒకామె అనగానే వరుసంతా నవ్వింది.

"అమ్మా, పాట జర జల్ది పాడరాదే! సుక్కవ్వ ఒక్కదాని కోసం అందరు ఆగాల్నా?"

"ఆగుడు కాదు బిడ్డా. ఆమె పెట్టిన మొక్క ఒక్కటి తేలదు. అందుకే ఆమెను నడుమ పెట్టి, పాట ఆమె చేతికి కట్టిన. ఉరికితె ఏమైతదో రేపు సూడు."

సుక్కవ్వ తల ఎత్తలేదు. "చెప్తె వినే ఈడా అది? మడి చెప్తది తియ్."

ఆదివారం కూతురితో ప్రార్థనకు వెళుతూ దేవమ్మ గట్టు మీద నిలిచింది. రాత్రి మడికి నీరు పెట్టారు. కళ్యాణి నాటిన పట్టీలో మొక్కలు వేళ్లు పైకి తేలి గాలికి కొట్టుకుంటున్నాయి. ఆ పక్కన సుక్కవ్వ నాటిన మొక్కలు దీపపు వత్తుల వలె నిటారుగా నిలిచి ఉన్నాయి. సేన ముందు నడిచే నాయకులను ఎందరినో కావ్యాలు కీర్తించాయి. అందరిలోకీ నిదానమైన చేతికి తన కంఠాన్ని అప్పగించిన నాయకురాలు ఈ బురదమడిలో ఉంది. ఇరవై ఏళ్లుగా వింటున్న పాటను కూతురు ఆనాడే మనసులో తొలిసారి విన్నది.

సోమవారం లెటర్ రాయలేదు. నితిన్ దగ్గరకు వెళ్లింది.

"ఆ పొద్దు ఏదో అనబోయినవ్. గిప్పుడు చెప్పు."

"పైన ఎండకు ఆరినయ్, అడుగున పచ్చిగ ఉన్నయ్. అందుకే లోపల్నుంచి తీసిన. నువ్వు అడగలె."

"తప్పు నాదే నితిన్. ఈసారి నీ చెయ్యి ఎట్ల పోతె మేం గట్ల వస్తం."

జితేందర్ ముఖం ముడుచుకున్నాడు గానీ వచ్చాడు. పుష్యమాసంలో, చివరి లోడ్లు వస్తుండగా, మళ్లీ అదే మిల్లు. పది ట్రాలీలకు మధ్యాహ్నం దాటింది. యంత్రం ఇరవై ఒకటి చూపింది. లక్ష్మీనర్సయ్య గింజ కొరికి, కాసేపు నమిలి, తల ఊపారు.

"నా పన్ను గూడ గదే అంటాంది. సూర్యాపేటకు తీస్కపోండ్రి. ఇంతకు మీలో పెద్ద ఎవలు?"

జితేందర్ చివరి ట్రాలీ వైపు చూపాడు. మరొక్క నమూనా కోసం నితిన్ వడ్లలో చేయి దించి ఉన్నాడు. పక్కన మోకాళ్ల మీద కూర్చొని కళ్యాణి సంచి మూతి తెరిచి పట్టుకుంది. ఆమె సన్నగా తల్లి పాట పాడుతోంది, నితిన్ చేయి కదిలినంత నిదానంగా.