చిత్తడి లేదని చెప్పిన గవర్నరు

మిషిగన్ ఇంకా రాష్ట్రం కానప్పుడు దాన్ని ఏలిన గవర్నరు గురించి, మా ఊరి చిన్న మ్యూజియంలో శనివారాలు సందర్శకులకు చెబుతుంటాను. జీతం లేదు. నా నోరు చూసే తీసుకున్నారు. ఇక్కడంతా చిత్తడి, దోమలు, జ్వరాలు అని తూర్పు రాష్ట్రాల్లో పేరు పడిపోతే, ఆ పేరు చెరిపి జనాన్ని రప్పించడానికే ఆయన కంకణం కట్టుకున్నాడు. అడవిలో రోడ్లు వేయించాడు, నేల కొలిపించాడు, బంగారంలాంటి భూమి రండంటూ కబుర్లు పంపాడు. అప్పటికే ఆ నేలమీద ఉన్న ఆదివాసీలతో ఒప్పందాల మీద సంతకాలు పెట్టించుకుని పక్కకి నెట్టాడు. నాకిచ్చిన పాఠంలో వాళ్ళకి ఒకటే వాక్యం. నేను దాన్ని సాగదీస్తాను. మేనేజరు మొహం మాడ్చుకుంటుంది.

ఇక్కడి మా తెలుగువాళ్ళూ తక్కువ తినలేదు. కొత్తవాళ్ళకి ఊరు చూపించాలంటే జూన్‌లోనే పిలుస్తాం. మంచు కప్పేసే జనవరిలో ఎవర్నీ పిలవం.

అలా జూన్‌లోనే తూర్పు రాష్ట్రాల్లోని ఎడిసన్ ఊరి నుంచి ఒక జంట మా ఇంట్లో దిగారు. అతనికి మా ఆయన కంపెనీలో ఆఫర్ వచ్చింది. మా పక్కిల్లు అమ్మకానికి ఉంది, ఈస్ట్ ఫేసింగ్. వాళ్ళచేత కొనిపించాలని మా ఆయన పట్టుదల. మా గ్రీన్‌కార్డు కాగితాలు ఆ కంపెనీ చేతిలో ఉన్నన్నాళ్ళూ మేము కదల్లేం. కదల్లేనివాళ్ళకి తోడు కావాలి. నాకూ కావాలి, అబద్ధమెందుకు?

మర్నాడు శనివారం, వాళ్ళనీ మ్యూజియంకి తీసుకెళ్ళాం. మగవాళ్ళిద్దరూ గుమ్మం దగ్గర ఆగిపోయారు. నా మాటలన్నీ విని ఆ అమ్మాయి నవ్వింది.

"అక్కా, మీ గవర్నర్ అచ్చం మీ ఆయనలా ఉన్నాడు. నిన్నట్నుంచి స్కూల్స్, గుడి, లేక్. స్నో మాటే ఎత్తలేదు."

"స్నో సంగతి వదిలెయ్. నీ జాబ్?"

నవ్వు ఆగింది. "మా ఆయన రిజైన్ చెయ్యమంటున్నాడు. నా హెచ్-వన్ వర్క్ వీసా పోతే డిపెండెంట్ వీసానే కదా. మళ్ళీ ఎప్పుడు వర్క్ చేస్తానో తెలీదు. మీరైతే ఏం చేస్తారక్కా?"

గుమ్మం దగ్గర్నుంచి మా ఆయన చేత్తో సైగ చేశాడు, బాగా చెప్పమని. పక్కింటి గోడ అవతల నుంచి ఒక తెలుగు గొంతు నన్ను కాఫీకి పిలవడం అప్పటికే నా చెవిలో వినబడుతోంది.

"నేను జాబ్ మానేసే ఇక్కడికి వచ్చాను," అన్నాను. "వర్క్ పర్మిట్ వచ్చేసరికి నా రెజ్యూమె చూసేవాళ్ళు లేరు. నువ్వు మానకు."

"మరి మీరెందుకు ఇక్కణ్ణుంచి వెళ్ళిపోరు?"

"ఎక్కడికి?" వెటకారం కాదు, నిజంగానే అడిగాను.

భోజనాల దగ్గర ఆమె మొగుడితో తేల్చి చెప్పింది: "నేను జాబ్ వదలను. నువ్వొస్తే రా." అతను మరికాస్త పప్పు వడ్డించుకున్నాడు. సాయంత్రం వాళ్ళని ఎయిర్‌పోర్టులో దించాం.

"ఒక్క మంచి ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు మా ఆయన స్టీరింగ్ వదలకుండా.

"మీరు చెప్పారుగా. చాల్లేదా?"

హైవే మీద మా ఊరి ఎగ్జిట్ వచ్చింది. ఆయన తిరగలేదు, కారు నేరుగా పోనిచ్చాడు. కాసేపు ఎటో వెళ్ళిపోతున్నట్టే ఉంది. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, వెనక్కి తిప్పి, ఇంటికే తీసుకొచ్చాడు.