పహిల్వాన్ మామ పిక్కబలం

ఫిజియోథెరపీ చదివే ఆ రోజుల్లో నాకు భయపడడానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. సూరత్‌లో, లింబాయత్‌లోని మా గల్లీ నుంచి ఆ చదువుకు వెళ్ళిన మొదటి ఆడపిల్లను. నేను పరీక్ష తప్పితే గల్లీ మొత్తం తప్పినట్టే అనుకునేదాన్ని. (గల్లీలో సగం మందికి నేనేం చదువుతున్నానో తెలియదు. ‘కాళ్ళు పిసికే చదువు’ అని మా అమ్మే చెప్పేది.) ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు నాకు పిక్క కండరం వచ్చింది: ఆడవాళ్ళలో, మగవాళ్ళలో దాని అమరిక ఎలా ఉంటుంది, సాగదీస్తే దాని పట్టు ఎలా మారుతుంది అని. పిక్కలో కండ పోగులు నిలువుగా కాక, పక్షి ఈకలోలా ఏటవాలుగా ఉంటాయి. మగవాళ్ళలో సాధారణంగా ఆ కండ మందం ఎక్కువ, కాబట్టి బలమూ ఎక్కువే చూపాలి. పుస్తకం అంతవరకే చెప్పింది. మా మామ సంగతి చెప్పలేదు.

పరీక్షకు మనుషులు కావాలి గనుక మరమగ్గాల మీద పనిచేసే మా మేనమామనూ, చీరలకు రాళ్ళు అతికే అత్తనూ బతిమాలాను. మామను అందరూ పహిల్వాన్ అనేవారు. కుర్రతనంలో ఊళ్ళో ఒకసారి కుస్తీ పట్టాడట. (ఓడిపోయాడని అత్త చెప్పింది.) “నా పిక్కలు సూడు బిడ్డా, రాయి లెక్క ఉంటయ్. మీ మిషన్ పలుగుతది” అన్నాడు లుంగీ ఎగగట్టి.

ఆదివారం కాలేజీలో ఇద్దరినీ వంతులవారీగా బల్ల మీద పడుకోబెట్టి, పాదాన్ని బలం కొలిచే యంత్రం పలకకు కట్టి, ముందుకు నొక్కమన్నాను. అత్త సిగ్గుపడుతూనే నొక్కింది, మంచి అంకె వచ్చింది. మామ మెడ నరాలు ఉబ్బేలా నొక్కాడు. అత్త కంటే తక్కువ! మూడుసార్లు నొక్కించినా అంతే. మా సారు కళ్ళజోడు పైనుంచి చూసి, “మెషీన్ ఠీక్ సే లగాయా?” అని, యంత్రం సరిగ్గానే బిగించావా అన్నట్టు అడిగారు. యంత్రం తప్పయితే నా చదువు పోతుంది, యంత్రం ఒప్పయితే మామ పోతాడు.

మామ ముఖం అప్పటికే పాలిపోయింది. “కాళ్ళల్ల పానం పోయిందా ఏంది? లక్వా గిట్ల కొడ్తదా?” అని పక్షవాతాన్ని తలుచుకుని బెదిరి, సారు అటు తిరగగానే నా చెవిలో, “జర ఎక్కువ రాయరాదు బిడ్డా” అన్నాడు. పెన్ను కాగితం మీద ఆనించాను. రాసేదాన్నేనేమో కూడా.

“ఏడికెళ్ళి వస్తది బలం?” అంది అత్త. “పొద్దుగాల సంది మెట్టు అంచు మీద నిలవడి, మడిమెలు కిందికి ఏలాడేసుడే! నీ పుస్తకంల బొమ్మ జూశిండట.”

నేను ఎగిరి గంతేశాను. కండరాన్ని మరీ ఎక్కువసేపు సాగదీసి నిలిపితే కాసేపు దాని పట్టు తగ్గుతుంది. నా ప్రాజెక్టే అది! (కంఠతా వచ్చు. అవసరమైనప్పుడు మాత్రం రాలేదు.) సారు నవ్వి, వచ్చే వారం మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఆ వారం మామ మెట్టు జోలికి పోకుండా అత్త కాపలా కాసింది. ఈసారి అత్తను సులువుగా దాటేశాడు. గల్లీలో కనిపించిన వాళ్ళందరికీ చాయ్ తాగించాడు.

తీరా నివేదిక రాసేటప్పుడు, ఇద్దరి బలాన్నీ వాళ్ళ పిక్కల మందంతో భాగించి చూస్తే అత్త ఏమాత్రం తీసిపోలేదు, వెంట్రుకవాసి పైనే ఉంది. సంబరంగా వెళ్ళి అత్తకు చెప్పాను. చీర మీద రాయి అతికిస్తూనే విని, “మీ మామకు చెప్పకు బిడ్డా. గాయనకు గెలుసుడు ఎప్పుడో ఒకపారి దొరుకుతది” అంది.

చెప్పలేదు. కానీ చదువుకున్నదాన్ని అయ్యుండి నిజం దాచానని, సారుకు తెలిస్తే ఏమంటారోనని నెలరోజులు అన్నం సయించక తిరిగాను. ఇప్పుడు నవ్వొస్తుంది. అంత చిన్న మాటకు అంత నిజంగా భయపడిన ఆ పిల్ల మీద బెంగగా కూడా ఉంటుంది.