వద్దుగారి తొమ్మిదో పడవ

పాత పడవ కొనడానికి బయల్దేరే మనిషి సగం బుద్ధి ఇంటి దగ్గరే వదిలేసి వస్తాడనీ, మిగిలిన సగం పడవ రంగు చూడగానే ఊడిపోతుందనీ వద్దుగారి గట్టి నమ్మకం. వద్దుగారు అన్నది ఆయన పేరేమీ కాదు. రేవులో ఎవరు పాత పడవ బేరానికి వెళ్ళినా ఆయన్ని వెంటబెట్టుకుని వెళతారు. ఆయన చెప్పులు విడిచి, జేబులోంచి చిన్న కొయ్యసుత్తి తీసి, పడవ చుట్టూ తిరుగుతూ జానెడుకొక దెబ్బ వేస్తారు. కళ్ళు మూసుకుని వింటారు. చుట్టూ తిరగడం అయ్యాక సుత్తి జేబులో వేసుకుని "వద్దు" అంటారు. ఎందుకో చెప్పమంటే కోపం. ఇంకోసారి చూడమంటే ఇంకా కోపం. ఎదురుపడితే అందరూ మేస్త్రిగారూ అని వంగి వంగి పలకరిస్తారు, ఆయన వీధి మలుపు తిరగ్గానే వద్దుగారు అయిపోతారు.

ఆ సుత్తిలో మంత్రమేమీ లేదు. ఇలాంటి చిన్న పడవలకి లోపల చెక్క, పైన ఫైబర్ పూత ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఎక్కడో వెంట్రుకంత పగులులోంచి నీళ్ళు దూరి లోపలి చెక్కని నానబెడతాయి. పైకి ఏమీ తెలియదు. అమ్మేవాడు ఆ వారమే కొత్త రంగు కొట్టాడంటే అసలే తెలియదు. సుత్తితో కొడితే మాత్రం గట్టి చెక్క టంగుమంటుంది, పుచ్చిన చెక్క దబ్బుమంటుంది. ఇంజను బిగించే వెనక పలక పుచ్చిందా, నడి నీళ్ళలో ఏదో ఒక రోజు ఇంజను పలకతో సహా ఊడి అడుగుకి పోతుంది. పడవల మరమ్మతు షెడ్డులో చేసిన ముప్పై నాలుగేళ్ళలో వద్దుగారు అలాంటివి రెండు చూశారు. ఒకదాంట్లో మనిషి కూడా తిరిగి రాలేదు. అందుకని పడవల దగ్గర ఎవరైనా వేళాకోళం ఆడితే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

పోనీ ఇంటికొస్తే మనశ్శాంతి ఉందా అంటే అదీ లేదు. ఇంటి ముందు గదిలోనే ఆయన భార్య గాలపు కర్రలూ రీళ్ళూ అమ్మే కొట్టు నడుపుతుంది. గోడ పొడుగునా కర్రలు వరసగా నిలబడి ఉంటాయి, గాజు బీరువాలో రీళ్ళు ఉంటాయి. వచ్చినవాడు వచ్చినట్టు ఒక కర్ర లాగి గాల్లో ఊపి, కొస తీసుకెళ్ళి సీలింగు ఫ్యానుకి తగిలించి, "అబ్బ, ఎంత బాగా వంగుతోందో!" అంటాడు. వంగక ఏం చేస్తుంది? ఏ చేప కోసమయ్యా అంటే తెలియదు. పడవలోంచి వేస్తావా, ఒడ్డున నిలబడి వేస్తావా అంటే అదీ ఇంకా ఆలోచించలేదు. టోపీ రంగుకి సరిపోయే రీలు మాత్రం కావాలి.

"అరచెయ్యంత చేపకి తిమింగలాన్ని లాగే రీలెందుకయ్యా నీకు?" అంటూ వద్దుగారు లోపలి గదిలోంచి ఊడిపడతారు. వచ్చినవాడు మళ్ళీ వస్తానండీ అని జారుకుంటాడు.

"మీ వద్దులన్నీ పడవలకి చెప్పుకోండి," అంటుంది ఆవిడ. "నా కర్రల జోలికి రాకండి."

ఆ మధ్య ఒకరోజు ఆయన కొత్తగా వచ్చిన రీలు ఒకటి అందుకుని, దారం కాస్త లాగి చెవి దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ లాగారు. మొహం చిట్లించారు.

"ఈ కాలం రీళ్ళకి నోరే లేదే! మన రోజుల్లో చేప దారం లాగిందంటే కిర్రుమని వీధి చివరిదాకా వినిపించేది."

"వినిపిస్తూనే ఉంది. మీకే చెవుడు," అంది ఆవిడ, గాలాలు పొట్లాలు కడుతూ తల కూడా ఎత్తకుండా.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆ మాట అనని రోజు లేదు. టీవీ గట్టిగా పెట్టారని అంటుంది, పిలిస్తే పలకలేదని అంటుంది, బియ్యం తెమ్మంటే బెల్లం తెచ్చారని అంటుంది. పెళ్ళాం చెవుడందని ఏ మగాడు చెవి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు గనుక? వద్దుగారూ పరిగెత్తలేదు. రీలు తయారుచేసినవాణ్ణి నాలుగు తిట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఇన్ని చిరాకుల్లోనూ పెద్ద చిరాకు బావమరిది. నలభై రెండేళ్ళు వచ్చి జుట్టు నెరుస్తున్నా అక్క పెట్టిన పిలుపే నిలిచిపోయి చిన్నోడు గానే ఉండిపోయాడు. పద్దెనిమిదేళ్ళుగా ఒకాయన పడవ మీద పని చేస్తున్నాడు. ఆ యజమానికి మోకాళ్ళు అరిగిపోయి, నెలాఖరుకి పడవ అమ్మేసి ఇంట్లో కూర్చుంటానంటున్నాడు. అది పెద్ద పడవ, చిన్నోడికి అందేది కాదు. ఈలోగా సొంతానికి ఒక చిన్న పాత పడవ కుదిరితే చిన్నోడి బతుకు నీళ్ళ మీదే సాగుతుంది. కుదరకపోతే ఒకటో తారీఖు నుంచి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోయాలి. అక్కడి మేనేజరు ఇప్పటికే రబ్బరు బూట్లకి కాలి సైజు కూడా అడిగి రాసుకున్నాడు.

ఏడాదిలో బావా బావమరిది కలిసి ఎనిమిది పడవలు చూశారు. ఎనిమిదింటికీ వద్దే. "అమ్మేవాళ్ళందరూ దొంగలైపోయారు, లోకంలో మంచి చెక్కన్నదే మిగల్లేదు" అని ఇంటికొచ్చి వద్దుగారు గంటసేపు తిట్టిపోసేవారు. చిన్నోడు తల ఊపి, అక్క పెట్టిన టీ తాగి వెళ్ళిపోయేవాడు. వాటిలో ఒక నీలం పడవ మీద చిన్నోడు మరీ మనసు పడ్డాడు. దాన్ని ఎవడో మందుల షాపతను కొనుక్కుని ప్రతి ఆదివారం గాలాలేసుకుని తిరుగుతున్నాడు. "చూస్తూ ఉండు, మునుగుతాడు," అన్నారు వద్దుగారు. తొమ్మిది నెలలు గడిచాయి. అతను మునగలేదు సరికదా, ఒకరోజు పెద్ద చేప పట్టుకున్నానని ఫోటో తెచ్చి కొట్టులో చూపించి వెళ్ళాడు. వద్దుగారికి ఆ రోజు అన్నం సయించలేదు.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా ఆవిడ కంచం ముందు పెడుతూనే అందుకుంది. "మా తమ్ముడు ఐసు దిమ్మలు మోస్తుంటే మీ కడుపు చల్లగా ఉంటుందా?"

"పుచ్చిన పడవ ఎక్కించి పంపమంటావా? వాడికేదైనా అయితే రేపు నా పీక మీద కూర్చునేది నువ్వే."

"ఎనిమిదికి ఎనిమిదీ పుచ్చిపోతాయిటండీ ఎక్కడైనా?"

"పుచ్చిపోయాయి! నా చెవులతో విన్నాను!" అని అరిచి ఆయన చెయ్యి కడిగేసుకున్నారు.

మర్నాడు ఉదయం తొమ్మిదో పడవ. అమ్మేది ఒక ముసలి వడ్రంగి. పదకొండేళ్ళ కిందట తన చేతులతో తనే కట్టుకున్న పడవ. ఇంటి వెనక రేకుల పందిరి కింద దిమ్మల మీద ఎక్కించి, దుమ్ము పడకుండా పరదా కప్పి ఉంచాడు. కొత్త రంగు కొట్టలేదు. అక్కడక్కడ గీతలు పడ్డ పాత తెలుపే. అంచుకి గాలపు కర్రలు నిలబెట్టే గొట్టాలు నాలుగున్నాయి. పడవతో పాటు రెండు కర్రలూ రీళ్ళూ కూడా ఇచ్చేస్తానన్నాడు. చిన్నోడు ఒక కర్ర తీసుకుని, దారం వెళ్ళే రింగుల్లోంచి దూదిపింజ ఒకటి మెల్లగా తిప్పుతూ లాగాడు. రింగులో పగులుంటే దూది పట్టుకుంటుంది. ఎక్కడా పట్టలేదు. వాడి మొహం వెలిగిపోయింది, అది చూసి వద్దుగారికి భయమేసింది. మనసు పడ్డవాడికి వద్దు చెప్పడమంత పాపిష్ఠి పని ఇంకోటి లేదు.

చెప్పులు విడిచి మొదలుపెట్టారు. ముందు నుంచి వెనక్కి కుడివైపు, వెనక నుంచి ముందుకి ఎడమవైపు, ఆఖరికి వెనక పలక. దబ్, దబ్, దబ్. ఎక్కడ కొట్టినా తడిసిన పరుపు మీద కొట్టినట్టే ఉంది. ఒక్క చోటైనా, ఒక్క దెబ్బైనా టంగుమంటుందేమోనని ఈసారి ఆయన నిజంగా ఆశపడ్డారు. అనలేదు. ఆయనకి ఆ వడ్రంగి మీద, రంగుల మీద, చెక్క మీద, మొత్తం ప్రపంచం మీద విసుగొచ్చింది.

"వద్దు," అన్నారు. "అంతా పుచ్చిపోయింది."

ముసలి వడ్రంగి అరుగు మీద నుంచి లేచి దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నావు? నా పడవ పుచ్చిందా?"

"సుత్తే చెబుతోంది."

"సుత్తికేం తెలుసయ్యా? ఎక్కడ పుచ్చిందో వేలు పెట్టి చూపించు. నేనే తొలిచి చూపిస్తా."

పడవ అమ్మేవాడెవడూ తన పడవకి తనే కన్నం పెట్టడు. పెట్టమని అడగడం కూడా మర్యాద కాదు. ఈయన మాత్రం లోపలికెళ్ళి డ్రిల్లు తెచ్చాడు. వద్దుగారు వెనక పలక మీద వేలు పెట్టారు. డ్రిల్లు దిగింది, పొట్టు రాలింది. పుచ్చిన చెక్కైతే పొట్టు నల్లగా, తడిగా ముద్ద ముద్దగా రావాలి. ఇది తెల్లగా పొడిపొడిగా రాలింది. "ఇక్కడ," అని వద్దుగారు మరో చోటు చూపించారు. అక్కడా అంతే. మూడోది అడుగున, నీళ్ళు ఎప్పుడూ నిలిచే మూల. అక్కడ కూడా పొట్టు పిండిలా రాలింది.

"ఇంకెక్కడ పెట్టమంటావో చెప్పు," అన్నాడు ముసలి వడ్రంగి. "జల్లెడ చేసిపెడతా."

వద్దుగారు పొట్టు అరచేతిలో వేసుకుని నలిపారు. వేలికి తడి అంటలేదు. పొట్టు దులిపేసి, సుత్తి బావమరిది చేతికిచ్చారు.

"నువ్వు కొట్టరా."

చిన్నోడు కంగారుగా ఒక దెబ్బ వేశాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది బావా."

"బాగుండటమేంట్రా నీ మొహం! ఎలా పలికిందో చెప్పు."

చిన్నోడు నీళ్ళు నమిలాడు. "టంగుమంది."

"మళ్ళీ కొట్టు."

మళ్ళీ కొట్టాడు. వద్దుగారికి దబ్బుమనే వినిపించింది.

"ఇందాక నేను కొట్టినప్పుడో?"

"అప్పుడూ అంతే బావా."

"మరి ఆ నీలం పడవ?"

చిన్నోడు కాలి బొటనవేలి వైపు చూసుకున్నాడు. "అదీ టంగుమంది. నువ్వు వద్దన్న వాటిల్లో ఏడెనిమిది... చాలా వరకు టంగుమన్నాయి."

"మరి అప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావురా?" వద్దుగారి కేకకి పందిరి మీది కాకులు లేచిపోయాయి.

"నువ్వు వద్దన్నావు కదా బావా. ముప్పై నాలుగేళ్ళు వింటున్నవాడివి. నా చెవే సరిగ్గా లేదేమో అనుకున్నా."

వద్దుగారికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడాది పొడుగునా దొంగలని తిట్టిన మనుషులందరూ వరసగా గుర్తొచ్చారు. పడవని కడిగి, తుడిచి, టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఆయన సుత్తి వైపు ఆశగా చూసినవాళ్ళు. వాళ్ళ ముఖాన వద్దు కొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసిన మనిషి తను. అంత సిగ్గులోనూ ఈ వెధవ ఏడాదిపాటు నోరు మూసుకున్నాడన్న మంట చల్లారలేదు.

చిన్నోడు సుత్తి పట్టుకుని మెల్లగా అడిగాడు. "అయితే ఇది కొనమంటావా బావా?"

"మళ్ళీ నన్నే అడుగుతావేంట్రా!" వద్దుగారు పెట్టిన కేకకి వడ్రంగి కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకు చెవులు పోయాయిరా! మీ అక్క మొత్తుకుంటూనే ఉంది. నాకేం వినపడట్లేదు. నువ్వే కొట్టు, నువ్వే విను, నువ్వే చెప్పు. నన్ను అడిగావంటే ఆ సుత్తితో నీ నెత్తి మీద కొడతా."

చిన్నోడు చెప్పులు విడిచాడు. ముందు నుంచి వెనక్కి కుడివైపు, వెనక నుంచి ముందుకి ఎడమవైపు. కళ్ళు మూసుకుని, మెల్లగా, ఒక్కో దెబ్బకీ ఆగుతూ నడిచాడు. ఎడమవైపు పడవ ముక్కు దగ్గరకొచ్చేసరికి ఆగాడు. అక్కడే నాలుగు దెబ్బలు వేశాడు. ఒంగి చెవి ఆనించి మళ్ళీ ఒకటి వేశాడు.

"ఇక్కడ బాలేదు," అన్నాడు.

ముసలి వడ్రంగి మొహం మారింది. గడ్డం గోక్కున్నాడు. "నాలుగేళ్ళ కింద రాయికి తగిలింది. చెక్క తీసి అతుకు వేశాను. జానెడు లేదు. బేరం కుదిరాక చెబుదామనే..."

"అతుకు ఊడదీసి మళ్ళీ వేయాలి. లోపల నీళ్ళు పట్టాయి," అన్నాడు చిన్నోడు. వాడి గొంతులో తడబాటు లేదు. "అది చేసిస్తానంటే ఇవాళే తీసుకుంటా. మిగతాదంతా గట్టిగా ఉంది."

"చేసిస్తాలే," అన్నాడు ముసలాయన. "రెండు రోజులు పడుతుంది."

"నెలాఖరు లోపు కావాలి."

ఇద్దరూ ముక్కు దగ్గర ఒంగి, అతుకు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొయ్యాలో సుద్దముక్కతో గీసుకుంటూ మాటల్లో పడ్డారు. చిన్నోడు ఒక్కసారైనా బావ వైపు చూడలేదు. ఇంత సంతోషమైన విషయానికి కూడా వద్దుగారికి కొంచెం ఉక్రోషంగానే ఉంది.

గీత గీయడం అయ్యాక వాళ్ళు కొలబద్ద కోసం ఇంట్లోకి వెళ్ళారు. అంచు మీద పెట్టిన సుత్తిని వద్దుగారు తీసుకున్నారు. అతుకు మీద ఒక దెబ్బ వేశారు. పక్కనే ఉన్న మంచి చెక్క మీద ఒక దెబ్బ వేశారు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, మళ్ళీ అతుకు మీద, మళ్ళీ మంచి చెక్క మీద వేశారు. రెండు చోట్లా ఒకటే చప్పుడు.