కొలతకి నిలబడిన మనిషి

పై అంతస్తు అంకుల్ పోయారన్న కబురు నాకు గుర్‌గావ్ వెళ్తున్న ఆఫీసు క్యాబ్‌లో తెలిసింది. ఆంటీ ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ అంకుల్ లేవడం లేదు. డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు" అన్నారు. సరేనండీ అన్నాను. ఇంకేమైనా అని ఉండాల్సింది. డ్రైవర్‌ని బండి తిప్పమని చెప్పి, మా ఇళ్ళున్న ద్వారక వచ్చేదాకా కిటికీలోంచి ఫ్లైఓవర్ పనులు చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు. అదే నాకు బాధగా ఉంది.

ఆయనది రాజమండ్రి వైపు. పాత గుహలూ శిల్పాలూ చూసుకునే ప్రభుత్వ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. గుంటుపల్లి నుంచి అజంతా దాకా బౌద్ధ గుహల్లోనే సర్వీసంతా గడిచిపోయింది. ఊరుగాని ఊళ్ళో ఒంటరిగా ఉంటున్నానని ఆదివారం పూట నన్ను ఇడ్లీలకి పిలిచేవారు. పిలిచి రాళ్ళ సంగతులు మొదలుపెట్టేవారు. "ముందు ఆ పిల్లకి చట్నీ వెయ్యనివ్వండి, బుద్ధుడెక్కడికీ పోడు" అని ఆంటీ విసుక్కునేవారు.

గుహలోకి వెళ్తే ముందు పైకప్పు చూడాలనేవారు. కొండని తొలిచి చేసిన గది అది, దానికి దూలాల అవసరమే లేదు. అయినా రాతిలోనే దూలాలు చెక్కారు, అవి ఏ బరువూ మొయ్యవు. "చెక్క ఇళ్ళల్లో పెరిగినవాళ్ళు కదమ్మా, కొండ దొరికినా దూలం లేకుండా ఉండలేకపోయారు" అని నవ్వేవారు. అలా చెక్కినవాళ్ళ మీద ఆయనకి చుట్టాల మీద ఉన్నంత ప్రేమ.

ఆయనతో ఒక చిక్కు ఉండేది. ఎవరింట్లో ఫంక్షన్ అయినా, కెమెరా తీయగానే ఫోటో అంచుకి వెళ్ళి పక్కకి తిరిగి నిటారుగా నిలబడిపోయేవారు. శిల్పాన్ని ఫోటో తీసేటప్పుడు అదెంత పెద్దదో తెలియడానికి పక్కన ఒక మనిషిని నిలబెడతారట. వాళ్ళ శాఖలో ఆ మనిషి ఎప్పుడూ ఈయనే. "అంకుల్, ఇటు చూడండి" అని ఒకసారి అరిచాను. "కొలత చూడకూడదమ్మా. నేను చూస్తే జనం నా మొహం చూస్తారు, రాయిని వదిలేస్తారు" అన్నారు. అది మా ఇంట్లో కేక్ కోస్తున్నప్పటి ఫోటో. అందులో రాయి ఎక్కడుంది చెప్పండి!

పదోరోజుకి ఫోటో కావాల్సి వచ్చింది. ఆంటీ బీరువా అంతా వెతికి ఒక నలుపు తెలుపు ఫోటో తీశారు. అజంతాలో పడుకున్న బుద్ధుడు, నిర్యాణం. కింద వరసగా కూర్చుని ఏడుస్తున్న శిష్యులు. పాదాల దగ్గర, పక్కకి తిరిగి, వేలెడంత అంకుల్. ఇద్దరం మార్కెట్‌లోని స్టూడియోకి తీసుకెళ్ళాం. స్టూడియో అతను దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేస్తూ పోయాడు. మొహం బూడిదరంగు గళ్ళు గళ్ళుగా విడిపోయింది. "ఆంటీజీ, చెహరా హీ నహీ హై" అన్నాడు, అసలు మొహమే లేదని.

నేను అంకుల్ పాత ఆఫీసు కార్డు మీది ఫోటో ఇద్దామన్నాను. అందులో మొహం స్పష్టంగా ఉంది.

"అది గేటు దగ్గర చూపించుకునే మొహం" అన్నారు ఆంటీ. "ఇంట్లో నేనెప్పుడూ చూళ్ళేదు."

కార్డులోని తలని తీసుకొచ్చి గుహలో ఉన్న మనిషికి అతికిస్తానన్నాడు స్టూడియో అతను. నాకది మంచి ఉపాయమే అనిపించింది. ఆంటీ రెండు చేతులూ తెర అంచుల మీద ఆనించి, ఆ గళ్ళలోకి వంగి చూశారు. ఆవిడకి ఆ మొహం కావాలి, పదోరోజున ఎదురుగా పెట్టుకుని చూసుకోవాలి. ఆ సంగతి ఆవిడ చేతులు చూస్తే తెలుస్తోంది.

"వద్దు భయ్యా" అన్నారు చివరికి. నా వైపు తిరిగి, "కెమెరాకేసి చూసే తల తెచ్చి అక్కడ పెడితే, ఇన్నేళ్ళు ఆయన చేసిన పని చెడగొట్టినట్టే కదే. ఉన్నది ఉన్నట్టు ఫ్రేమ్ కట్టించెయ్" అన్నారు.

పదోరోజు హాల్లో పీట మీద ఆ ఫోటో పెట్టాం. మా అపార్ట్‌మెంట్ల సొసైటీవాళ్ళు వచ్చి దణ్ణం పెట్టారు, బుద్ధుడికే అనుకుంటా. ఒకావిడ "భాయీసాబ్ కహాఁ హైఁ?" అని, ఇందులో ఆయనెక్కడని నన్ను మెల్లిగా అడిగింది. చూపించాను. అచ్ఛా, అంది.

దండ వేశాక, బొట్టు తనే పెడతానన్నారు ఆంటీ. వేలు కుంకంలో అద్ది ఫోటో దాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. ఆవిడ వేలి కొస ఆయన మొహం కంటే పెద్దది. బొట్టు పెడితే ఆయన ఇక కనబడరు. పంతులుగారు "కానివ్వండమ్మా" అన్నారు. ఆంటీ వేలు అద్దానికి కాస్త ఇవతల అలాగే ఉంది, తాకలేదు, వెనక్కీ తీసుకోలేదు.