పులి ధారూర్ దాటింది

వికారాబాద్ స్టేషన్ దాటగానే పట్టాలు రెండుగా చీలతాయి. ఒక దారి తాండూరు వైపు, ఇంకో దారి మర్పల్లి మీదుగా బీదర్ వైపు. ఈ సంగతి ఇక్కడి చిన్నపిల్లలను అడిగినా చెబుతారు. నాకూ తెలుసు. అయినా పోయిన వానాకాలంలో ఒక పొద్దున, తాండూరు పోవాల్సిన దాన్ని బీదర్ బండెక్కాను.

దాని వెనక పెద్ద కథేమీ లేదు. ప్లాట్‌ఫారం మీద ఒకామె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పుట్టింది మోమిన్‌పేట్ దగ్గరి పల్లెలో. ఆమె రెండు మాటలు మాట్లాడగానే మా తల్లిగారి వైపు మనిషని తెలిసిపోయింది. తల్లిగారి వైపు మనిషి దొరికితే మాకు ఇక బండీ గుర్తుండదు, బస్సూ గుర్తుండదు. ఎవరి బిడ్డవు, నిన్ను ఏ ఊరికిచ్చారు, ఇవాళ ఏం కూర వండావు? ఇలా అడుగుతూ చెబుతూ, బండి రాగానే ఆమె వెనకాలే ఎక్కి ఆమె పక్కనే కూర్చున్నాను. పుంటికూరలో, అదే గోంగూరలో, పప్పు వేయాలా వద్దా అని ఇద్దరం గట్టిగా వాదించుకుంటుండగా కిటికీలోంచి చూశాను. ప్రతి వారం కనబడే గుట్టలు కనబడలేదు. అప్పుడు తెలిసింది, ఎక్కింది బీదర్ బండి అని.

మర్పల్లిలో దిగి మా అబ్బాయికి ఫోన్ చేశాను. నేను చేసిన అసలు తెలివితక్కువ పని అదే. నోరు మూసుకుని బస్సెక్కి ఇంటికి వచ్చి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. వాడు పని వదిలేసి బైకు మీద వచ్చాడు. ఇంటికి వచ్చి నీళ్లు తాగి చెప్పాడు.

"అమ్మా, ఇగ నువ్వు తాండూరు ఒక్కదానివి పోవద్దు. నాకు సెలవున్నప్పుడు నేనే తోల్కపోత."

వాడికి సెలవు ఎప్పుడు దొరుకుతుందో వాడి ఆఫీసరుకే తెలియదు. తాండూరులో మా అక్క ఉంది. తోడబుట్టిన వాళ్లలో మిగిలింది మేమిద్దరమే. మోకాళ్ల నొప్పులతో ఆమె అరుగు దిగి రాలేదు. నేను వారానికోసారి పోయి పొద్దుగూకేదాకా ఆమెతో ఉండి వస్తాను. ఆ ఒక్కరోజు కోసమే మిగతా వారమంతా గడుస్తుందంటే నమ్మాలి మరి. కొడుకు ఒక్క మాటతో దాన్ని కోసేశాడు. "తప్పు బండెక్కినంత మాత్రాన మతి పోయినట్టా?" అని గయ్యిమన్నాను. నాకు భయం వేస్తే అది కోపంగా బయటికి వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

భయం ఎందుకంటే, మా అమ్మ చివరి రోజుల్లో మమ్మల్ని గుర్తుపట్టలేదు. అక్కను "అత్తా" అని పిలిచేది. నన్ను చూసి, "ఈ పిల్లకు అన్నం పెట్టిన్రా?" అని అడిగేది. అప్పుడు మా అబ్బాయి కాలేజీలో చదువుతున్నాడు. ఒకరోజు అమ్మమ్మ ఇంట్లోంచి వెళ్లిపోతే ఊరంతా వెతికి బస్టాండులో పట్టుకుని తెచ్చింది వాడే. నేనేమో ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరును. ఊళ్లో ఫోన్లున్న వాళ్ల నంబర్లన్నీ నోటి మీద ఉండేవి. అలాంటి నేను పట్టాల దారి మరిచిపోయానంటే, వాడితో పాటు నాకూ అమ్మే గుర్తుకొచ్చింది. ఇద్దరం ఆ మాట పైకి అనుకోలేదు.

వికారాబాద్‌లోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మా కోడలి కన్నా చిన్నది ఆ డాక్టరమ్మ. నిన్న రాత్రి ఏం తిన్నారని, ఇవాళ ఏ వారమని అడిగింది. ఏవో బొమ్మలు చూపించి కాసేపటికి మళ్లీ చెప్పమంది. అన్నీ చెప్పాను. కోపంగా చెప్పాను, అది వేరే సంగతి. ఆమె నవ్వి, "ఇప్పటికైతే ఫికర్ పడాల్సిందేం కనబడలేదమ్మా. మతిమరుపు పెరిగినట్టు అనిపిస్తే మళ్లీ రండి" అంది. బీపీ చూసుకోవాలి, నిద్ర చెడగొట్టుకోవద్దు, రోజూ నడవాలి, నలుగురితో మాట్లాడాలి, మెదడుకు కొత్త పని చెబుతుండాలి అంది. ఆ చివరి మాట మా ఇంట్లో వాళ్లు గట్టిగా పట్టుకున్నారు.

ఇక చూడండి నా అవస్థ. వందలోంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమని కొడుకు. గళ్లలో అంకెలు నింపే ఆట ఫోన్‌లో వేసి ఇచ్చింది కోడలు. అది నింపుతుంటే మధ్యమధ్యలో చీరల అడ్వర్టైజుమెంట్లు వస్తాయి. నేను అంకెలు వదిలేసి చీరలు చూసేదాన్ని. మెదడుకు ఏమైందో తెలియదు కానీ ఏ చీర బాగుందో మాత్రం బాగా గుర్తుండేది.

ఇంకొకటి, ఎడమచేతి వాటం. కుడిచేత్తో చేసే పనులు ఎడమచేత్తో చేస్తే మెదడు చురుకవుతుందట. కోడలు ఎక్కడో విన్నది. పళ్లు ఎడమచేత్తో తోముకున్నాను, తల ఎడమచేత్తో దువ్వుకున్నాను. పాపిడి అనంతగిరి ఘాట్ రోడ్డులా వచ్చింది. అలవాటు పడిపోయి, ఒకరోజు పొద్దున్నే ఇంటి ముందుకు వచ్చిన కూరగాయలామెకు డబ్బులు కూడా ఎడమచేత్తో ఇచ్చాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బోణీ బేరం అమ్మా! ఎడమచేత్తో ఇస్తవేంది? నా మీద ఏం కోపమున్నది నీకు?"

"కోపం కాదవ్వా, మెదడు కోసం."

"నీ మెదడు కోసం నా బేరం చెడగొడ్తవా?"

కుడిచేత్తో ఇచ్చి, రెండు కట్టలు ఎక్కువ తీసుకుంటే తప్ప ఆమె శాంతించలేదు. ఆ రోజుతో ఎడమచేతి చదువు మానేశాను.

నడక మాత్రం మానలేదు. అది బాగుంది. పొద్దున నడిచే దారిలో ప్రతి గడప దగ్గరా ఎవరో ఒకరు, "ఏం కూరొండినవ్? నిన్న ఏమొండినవ్?" అని అడుగుతారు. డాక్టరమ్మ అడిగిందీ అదే కదా. అక్కడ పరీక్షలాగా అనిపించింది, ఇక్కడ పలకరింపు. రోజూ జవాబు చెప్పాలి కాబట్టి రోజూ గుర్తుపెట్టుకున్నాను. నిన్న చెప్పిన కూరే ఇవాళ చెబితే, "మల్ల అదేనా?" అని నలుగురిలో పరువు తీస్తారు.

ఇదంతా జరుగుతున్నా అక్కకు అసలు సంగతి చెప్పలేదు. మొదటి వారం జ్వరమన్నాను, రెండో వారం చుట్టాలన్నాను. మూడో వారం అక్క ఫోన్‌లోనే పట్టేసింది.

"ఎవలొద్దన్నరే నిన్ను రావద్దని?"

ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. అమ్మ మాట కూడా చెప్పాను. అక్క అంతా విన్నది. తర్వాత, "సరే గని, పులి-మేక ఆడుదమా?" అంది.

అక్క ఇంటి అరుగు మీద, తాండూరు బండ పైన, పులి-మేక గళ్లు చెక్కి ఉంటాయి. బండలు పరిచిన పనివాళ్లు అన్నాలు తిన్నాక ఆడుకోవడానికి గీసుకున్న ఆట అది. పులులు మేకల మీదుగా దూకి చంపాలి, మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేయాలి. నేను వెళ్లినప్పుడల్లా మేము ఆడేది అదే. ఫోన్‌లో ఎలా ఆడతామని అడిగాను. నువ్వూ ఒకటి గీసుకో అంది. గదిలో గచ్చు మీద సుద్దముక్కతో గీశాను. పులులకు రాళ్లు, మేకలకు చింతగింజలు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఏది ఎక్కడుందో ఫోన్‌లో చెప్పడం. "పైనుంచి రెండో గీత మీద ఎడమ పక్క" అంటే అక్కకు ఎడమేదో నాకు ఎడమేదో తేలక కొట్లాట. అందుకని గీతలు కలిసే ప్రతి చోటుకూ మేము తిరిగిన ఊరి పేరు పెట్టుకున్నాం. అన్నింటికన్నా పైన అనంతగిరి. దాని కింద ధారూర్, కోట్‌పల్లి. ఒక మూల మోమిన్‌పేట్, ఇంకో మూల కరణ్‌కోట. అక్క మా బావ పనిచేసిన ఊళ్లు కూడా ఇరికించింది. ఇక ఆట పరుగెత్తింది.

"నా పులి ధారూర్ దాటింది, చూస్కో."

"దాటనియ్, కోట్‌పల్లి సుట్టు నా మేకలు కాచుకోని ఉన్నయ్."

వాకిట్లో బట్టలు ఆరేస్తున్న పక్కింటామె ఇది విని పరేషాన్ అయి లోపలికి వచ్చింది. ధారూర్‌లో వాళ్ల చెల్లెలుందట. ఫారెస్టు వాళ్లకు చెప్పారా అని అడిగింది. ఆమెకు చింతగింజలు చూపించాల్సి వచ్చింది.

ఒక ఆట రెండు మూడు రోజులు సాగేది. అలా ఒక ఆట సగంలో ఉండగా, సెలవు రోజున, నేను నడకకు పోయి వచ్చేసరికి కోడలు గది తడిబట్ట పెట్టి తుడిచేసింది. గీతల్లేవు. రాళ్లూ గింజలూ ఏరి డబ్బాలో పోసి పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా మేకలు గెలిచే ఆట అది! నా అరుపులకు కొడుకు లేచి వచ్చాడు. కోడలు, "నాకు తెల్వదు అత్తమ్మా, పక్కింటి పిల్లల గీతలనుకున్న" అని బిక్కమొహం వేసింది. ఆమె తప్పేముంది పాపం.

సుద్దముక్క తీసి మళ్లీ గీశాను. రాళ్లు పెట్టడం మొదలుపెట్టాను. పులి ఒకటి కోట్‌పల్లి కింద ఇరుక్కుంది. అది ఎలా ఇరుక్కుందో, మొన్న సాయంత్రం అక్క ఎలా మూలిగిందో గుర్తుంది. మోమిన్‌పేట్‌లో మేక ఉండాలి, అది నేను మొదట పెట్టింది. కరణ్‌కోట ఖాళీ, అక్కడి మేకను అక్క తినేసింది. ఇలా ఒక్కొక్క ఊరే తిరుగుతూ గింజలన్నీ పెట్టేశాను. కొడుకు ఏమనుకున్నాడో, పెద్దమ్మకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. ఒక్కొక్కటే అడిగాడు. అక్క తన బండ చూసి చెప్పింది. అన్నీ సరిపోయాయి. వాడు ఫోన్ పెట్టేశాడు.

"ఈ వారం పోయిరా అమ్మా" అన్నాడు.

"ఒక్కదాన్నేనా?"

"ఒక్కదానివే."

ఆ వారం ఎక్స్‌ప్రెస్ బండెక్కాను. ఎక్కేముందు ఇద్దరిని అడిగాను, మూడో మనిషిని కూడా అడుగుదామనుకుని సిగ్గేసి ఆగిపోయాను. పక్కన కూర్చున్నామె ముచ్చట పెట్టింది. నేనూ పెట్టాను. నోరు కట్టుకుని కూర్చునే జన్మ కాదు నాది. కానీ ఒక కన్ను కిటికీ మీదే ఉంచాను. తాండూరు రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. దిగి, మెట్లెక్కి, బయటికి వచ్చి ఆటో ఎక్కాను. అక్క అరుగు మీదే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, చేతులు చాచింది.

కాసేపటికి కోడలు ఫోన్ చేసింది. "చేరినవా అత్తమ్మా? ఆయన నీ దగ్గరికి వచ్చిండా?"

"ఎవరు?"

కోడలు గబుక్కున ఫోన్ పెట్టేసింది. నాకు అర్థమైంది. నా కొడుకు నా వెనకాలే అదే బండిలో వచ్చాడు. పోనిచ్చినట్టే పోనిచ్చి కాపలా కాశాడు. పట్టరాని కోపంతో వాడికి ఫోన్ చేశాను.

"యాడున్నవ్ రా?"

"అమ్మా, జర ఆగు. తిట్టకు. నేను సేడంల ఉన్న."

ఫోన్‌లో వాడి వెనక కన్నడంలో ఏదో అనౌన్స్‌మెంట్ వినబడుతోంది. తాండూరు తర్వాత ఆ బండి కర్ణాటకలోని సేడంలోనే ఆగుతుంది. అక్క నవ్వీ నవ్వీ పొలమారింది. "నీ కొడుకును ఇగ ఒక్కన్ని తోలకే!" అంది. నాకు నవ్వు రాలేదు. నా మీద నమ్మకం లేనివాడికి ఏం చెప్పాలో మాటలు కూడగట్టుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక వచ్చాడు, చెమటతో తడిసిపోయి. కాళ్లు కడుక్కుని కింద కూర్చున్నాడు. అక్క జొన్నరొట్టె, పప్పు పెట్టమంది. పెట్టి, మొదలుపెట్టాను.

"నన్ను దింపవచ్చినోనివి నువ్వు దిగకుండ ఏం చేస్తున్నవ్ రా? ఫోన్ చూస్కుంట కూసున్నవా?"

"లే అమ్మా. నిన్నే చూస్కుంట కూసున్న."

రొట్టె ముట్టుకోకుండానే చెప్పాడు. "రైలు డబ్బల అటు చివర్ల కూసున్న. నువ్వు ఆమెతోని ముచ్చట వెట్టంగనే నా పానం ఆగలే. మల్ల మర్చిపోతవేమో అనుకున్న. గని స్టేషన్ రాకముందే లేచి సంచి తీస్కున్నవ్. దిగినవ్. కిటికీలకెళ్లి చూస్తనే ఉన్న. మెట్లెక్కి సక్కగ పోయినవ్, ఎవ్వరినీ అడగలే. అమ్మమ్మ లెక్క కాదు, మా అమ్మ మంచిగున్నది అనుకున్న. అనుకోంగనే ఏడుపొచ్చింది. అందరు చూస్తున్నరని మొఖం తుడుచుకుంటుంటే బండి కదిలింది."

కూడగట్టుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. వాడి పక్కన కూర్చుని, చల్లారిపోయిన రొట్టె తీసి, వేడిది వేశాను.