బోణీ వదులుకున్న రోబో

మా స్టీలు గిన్నెల దుకాణం బేగం బజార్లో, ఇల్లు నాంపల్లిలో. గిన్నెను వేలితో కొట్టి, చేత్తో బరువు చూసి సరుకు సంగతి చెప్పడం నాకు తాతల నుంచి వచ్చిన విద్య. అందుకే మా అమ్మాయి నా ఫోన్‌లో యుద్ధం ఆట పెట్టి, కొత్తవాళ్ళకు దొరికే చవక రోబోను నాకు అప్పగించగానే ఒక్క చూపులో తేల్చేశాను.

"ఏంది బిడ్డా గిది? రేకు డబ్బా. రెండు దెబ్బలకే సొట్టలు పోతది."

"గానీ మస్తు ఉరుకుతది డాడీ. దీనంత జల్ది ఇంకోటి ఉరుకదు."

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నాను. ఆమె కళ్ళు తిప్పింది.

పదో తరగతికి వచ్చాక మా అమ్మాయి నాతో మాటలు తగ్గించింది. "ఔ", "లే", "తిన్న", అంతే. ఆదివారం దుకాణం ఉండదు కాబట్టి మధ్యాహ్నం గంటసేపు ఈ ఆట ఆడతాం. నోరు విప్పేది అప్పుడే. ఆ గంట కూడా పోతుందేమోనని నాకు లోలోపల భయం.

ఆట సులువే. మేమిద్దరం ఒక జట్టు, ఎదుట ఎవరో ఇద్దరు. మైదానంలో మూడు స్తంభాలుంటాయి. ఏ స్తంభం దగ్గరికి ముందు చేరితే అది మనది. టైమయ్యేసరికి ఎక్కువ స్తంభాలు ఎవరివైతే వాళ్ళదే గెలుపు. నేను మాత్రం స్తంభాలు వదిలేసి, మొదట కనిపించిన శత్రువు వెంట పడేవాణ్ణి. వాడు నన్ను చితక్కొట్టేవాడు. అలా వరుసగా అయిదు ఆటలు ఓడాం.

"వానెంబడి ఎందుకు పడుతున్నవ్ డాడీ?"

"బోణీ కావాలె గద బిడ్డా!"

పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీని మా బజార్లో ఉత్త చేతులతో పంపం. లాభం లేకున్నా సరే, ఏదో ఒకటి ఇచ్చి బోణీ చేసుకుంటాం. పంపించామా, ఇక రోజంతా ఈగలు తోలుకోవడమే.

"గీడ బోణీ గీణీ ఏం లేదు. కింద కిరాయికున్న అక్క మంచిగ ఆడుతది. ఇంకొక్కటి ఓడితే నీ బదులు ఆమెను జట్టుల తీసుకుంట," అంది.

నీళ్ళు తాగొస్తానని చెప్పి పక్క గదిలోకి వెళ్ళి, ఖాళీ మైదానంలో రోబోను ఒక్కణ్ణే నడిపి చూశాను. తుపాకులు దోమను కూడా చంపేట్టు లేవు. కానీ ఉస్మాన్‌గంజ్‌లో లారీకీ తోపుడు బండికీ మధ్య స్కూటర్ దూరినట్టు, ఎంత ఇరుకులోనైనా దూరిపోతోంది. జల్లెడలో నీళ్ళు పట్టి, కారుతోందని తిట్టినట్టుంది నా తెలివి. సరుకు మంచిదే, వాడినవాడే మొద్దు.

ఆఖరి ఆట. చెరొక స్తంభం చేజిక్కింది, మూడోది ఖాళీ. అర నిమిషం కూడా లేదు. సరిగ్గా అప్పుడే నా ముందు ఒక శత్రువు, ఒళ్ళంతా పొగలు కక్కుతూ. ఇంకో రెండు దెబ్బలేస్తే పడిపోతాడు. బొటనవేలు ఒకటే దురద! అంతలో కింద కిరాయికున్న పిల్ల గుర్తొచ్చింది.

కళ్ళు మూసుకున్నంత పనిచేసి, వాణ్ణి వదిలేసి ఉరికాను. వెనకనుంచి కాల్చారు. రోబో చెయ్యి ఒకటి ఊడిపోయింది. అయినా ఆపలేదు. రెండు సెకన్లుండగా స్తంభం మాదైంది.

"గెలిచినం డాడీ!" అని నా వీపు మీద ఒక్కటిచ్చింది. మంట పుట్టింది. హాయిగా ఉంది.

సాయంత్రం మా ఆవిడ తన ఫోన్ తెచ్చి, "జర గిది సూడుండ్రి, మీ బిడ్డ ఏం పెట్టిందో," అంది. అమ్మాయి స్టేటస్‌లో నా రోబో ఒంటి చేత్తో ఉరుకుతోంది. కింద ఒక్క మాట: "మా డాడీ!"

బడి గేటు దాకా రావద్దు, సందు మలుపులోనే దింపమనే పిల్ల, నేనెవరో తన దోస్తులందరికీ చెప్పుకుంది.